వెనక వరస ఇళ్లు

మా పెదనాన్న నాటకాలకు తెరలు గీసేవాడు. వీధి, వీధి వెనక మేడలు, వాటి వెనక ఇంకా మేడలు, పైన ఆకాశం. ఆయన దగ్గర మెరిసే రంగు ఒక్కటీ ఉండేది కాదు. ముందుగా ఆకాశం రంగు కలిపి బకెట్‌లో పెట్టుకునేవాడు, వాన వెలిశాక కనబడే బూడిద రంగు. వీధి వెనక్కి పోయేకొద్దీ ఒక్కో వరస ఇళ్ల రంగులో ఒక్కో గరిటె ఆకాశం ఎక్కువ పోసేవాడు. చివరి వరస ఉందా లేదా అన్నట్టుండాలి. దూరపు ఇల్లు దూరపు చుట్టంలాంటిదేనని, పోలిక తెలిస్తే చాలని, కిటికీలు లెక్కపెట్టక్కర్లేదని అనేవాడు. అక్కడా బూడిద రంగే ఏరతాడని, బట్టలు కొనడానికి మాత్రం ఈయన్ని వెంట తీసుకెళ్లనని పెద్దమ్మ ఒట్టు పెట్టుకుంది.

కిందటేడు కళ్ల డాక్టరు, పెదనాన్నకు కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు ఇక రాదని, ఉన్నదీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని అన్నాడు. అంత మాటా మందులు రాస్తూ తల ఎత్తకుండానే అన్నాడు. ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ నెలలోనే నాటక కంపెనీ యజమాని వీధి తెర ఒకటి కావాలన్నాడు. ఇదొక్కటి సరిగ్గా వస్తే పని మానక్కర్లేదని పెదనాన్న ఆశ. గరిటెలు ఎప్పటిలాగే పోశాడు. కానీ షెడ్డు చివరి గోడదాకా వెనక్కి వెళ్లి చూసుకోవడం ఆయన అలవాటు. అక్కణ్నుంచి చూస్తే వెనక వరస కనబడలేదు. వచ్చి ముదురు రంగు వేశాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ వేశాడు. చివరికి దూరపు మేడలు ముందువాటిని తోసుకుని మీద పడేలా తయారయ్యాయి. నేను నోరు తెరవబోతే పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆయన మాత్రం చాన్నాళ్లకు నవ్వుతూ బ్రష్షులు కడుక్కున్నాడు.

యజమాని వచ్చి చూశాడు, బాగుందన్నాడు, చుట్టించుకుని పట్టుకెళ్లాడు.

నాటకం రోజు మేం ముగ్గురం ముందు వరసలోనే కూర్చున్నాం. స్టేజి మీద వేలాడుతున్నది పెదనాన్న ఎప్పుడో గీసిన పాత తెర. అదే వీధి, అవే మేడలు. చివరి వరస ఆకాశంలో కలిసిపోతూ ఎంత దూరంగా ఉందో. ఆయనకు తేడా తెలియదులే అనుకున్నాం, పెద్దమ్మా నేనూ.

ఆయన ముందుకు వంగి చాలాసేపు చూశాడు.

"ఇది నా పాతది కదమ్మా" అన్నాడు నాతో.

"కొత్తదే. లైట్లు తక్కువగా ఉన్నాయి" అంది పెద్దమ్మ.

"కాదే. మొన్న గీసినదాంట్లో వెనక వరస నాకు కనబడింది. ఇందులో కనబడట్లేదు."

పెద్దమ్మ ఏడ్చేసింది. నాటకం అయిపోయేదాకా ఆయన ఆ తెరవైపే ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చాక, ఆకాశం రంగు మిగిలిన బకెట్ నా చేతికిచ్చి, పెరటి గోడకు వేసెయ్యమన్నాడు.