గంగవ్వ అతికిన పోగులు

గంగవ్వ గురించి చెప్పాలంటే ముందు ఆమె పని గురించి చెప్పాలి. ఆ పని తెలియకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు.

సాంచా అంటే కరెంటు మగ్గం. దాని మీద ఒక బీముకు చుట్టిన పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే పాత పోగులను చివరిదాకా నేసెయ్యరు. మూరెడు కొస ఉంచి, కొత్త బీమును వెనక ఎక్కిస్తారు. కొత్త బీములో ఉన్న ప్రతి పోగునూ పాత కొసలోని దాని జోడు పోగుకు అతకాలి. మా సాంచాల మీద రెండున్నర వేల పోగులుంటాయి. గంగవ్వ చిన్న పీట వేసుకుని సాంచా వెనక కూర్చునేది. బొటనవేలు, చూపుడువేలు నాలుక మీద తడిపి, పక్కన చిప్పలో ఉన్న బూడిద అద్ది, రెండు కొసలనూ కలిపి ఒక్క మెలి తిప్పేది. అతుకు దువ్వెనలాంటి పన్నె సందుల్లోంచి దాటి వచ్చేటప్పుడు కంటికి ఆనేది కాదు. నేను సాంచాల ఫిట్టర్ని. ఇరవై రెండేళ్లలో ఆమె అతుకు జారిందని సాంచా ఆపిన రోజు నాకు గుర్తు లేదు.

ఈ గుజరాతీ ఊళ్లో, సలాబత్‌పురాలో మాది సన్నటి శేరీ. శేరీ అంటే ఇక్కడ సందు. బట్టల మార్కెట్లకూ, రైల్వేస్టేషన్‌కూ నడిచి పోవచ్చు. ఇళ్లన్నీ టేకు స్తంభాల మీద నిలబడ్డ పాత ఇళ్లు, ఒక గోడ ఇద్దరిది. స్తంభాల తలల మీద ఎవరో చెక్కిన చిలకలున్నాయి, వాటి ముక్కులు అరిగి దారం దుమ్ము పేరుకుంది. కింద సాంచాలు, పైన మనుషులు. మా సేటు ఛగన్‌భాయ్ ఇంట్లో కింద పన్నెండు సాంచాలు. రెండో అంతస్తులో శేరీ వైపు గది గంగవ్వది. మెట్లు నిచ్చెనలా నిలువుగా ఉంటాయి, పైనుంచి వేలాడే తాడు పట్టుకుని ఎక్కాలి. ఆ గదికి కిరాయి లేదు. సేటు తండ్రి ఉన్నప్పుడు, మా సాంచాలకు పోగులు అతికినన్నాళ్లు ఉండమన్నాడు. ఆ మాట మీద ఆమె ముప్పై ఒక్క ఏళ్లు ఉంది. ఆమె భర్త రాజలింగం ఆ గదిలోనే కన్నుమూశాడు.

గది కిటికీకి ఎదురుగా కోకిలాబెన్ కిటికీ. ఇద్దరూ చేతులు చాస్తే గిన్నె అందుతుంది. ఆ గిన్నెలో ఇటునుంచి చింతకాయ తొక్కు పోయేది, అటునుంచి మజ్జిగ పులుసులాంటి కఢీ వచ్చేది. గంగవ్వకు గుజరాతీ సగమే వచ్చు, కోకిలాబెన్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా మధ్యాహ్నం వాళ్ల మాటలు తెగేవి కావు.

2020 మార్చిలో సాంచాలు ఆగిపోయాయి. శేరీ మొగదల వెదురు బొంగులు అడ్డం కట్టారు. మా ఇళ్లు ఎప్పుడూ సన్నగా వణుకుతుంటాయి. ఆ వణుకు ఆగేసరికి నిద్ర పట్టలేదని అందరూ అన్నారు. బొంగులు తీయగానే ఒడిశా వాళ్లు పోయారు, మన సిరిసిల్ల వైపు వాళ్లూ పోయారు. నేను గంగవ్వను కింద నుంచే అడిగాను.

"అక్కా, నువ్వు ఊరికి పోవా?"

"ఊర్లె నాకేమున్నది తమ్మీ? ఆడ నన్ను గుర్తువట్టెటోళ్లు గూడ లేరు. నేను పోతె కోకిలాబెన్ కఢీ ఎవ్వలు తాగుతరు? నువ్వు తాగుతవా? ఉప్పే ఎయ్యదు."

జూన్‌లో సాంచాలు మళ్లీ నడిపించుకోవచ్చన్నారు. జాగ్రత్తల జాబితా ఒకటి రాసి గోడకు అంటించాలని ఛగన్‌భాయ్ నన్ను ఆఫీసులోకి పిలిచాడు. ఇరవై రెండేళ్లలో నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది అదే మొదటిసారి. ఆయన చెప్పాడు, నేను హిందీలో రాశాను. మాస్కు, చేతులు కడుక్కోవడం, సాంచాకూ సాంచాకూ మధ్య నేసే కారీగర్ ఒక్కడే. రాయడం అయిపోయింది.

"ఇంకేమైనా ఉందా సోమలింగ్ భాయ్? లోపలి పని నీకు తెలిసినట్టు నాకు తెలియదు" అన్నాడు.

లేదని లేచి రావలసింది. ఆయన అలా అడగడం నాకు బాగుంది. "పోగులు అతికేటప్పుడు వేళ్లకు ఉమ్మి పెడతారు సేట్. అది ఆపాలి" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. ఇన్నేళ్లుగా తన గుడ్డలో ఉమ్మి ఉందని ఆయనకు తెలియదు.

మర్నాడు పొద్దున ఏడో నంబరు సాంచాకు కొత్త బీము ఎక్కించాను. గంగవ్వ పీట వేసుకుంది. సేటు వచ్చి, పది మంది కారీగర్ల ముందు, "మాసీ, ఉమ్మి వద్దు. ఇదిగో నీళ్లు" అని స్టీలు గ్లాసు పెట్టించాడు. గంగవ్వ గ్లాసు వైపు చూసింది. ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు. ఆమె వేళ్లు నీళ్లలో ముంచి మొదలుపెట్టింది.

పాలిస్టర్ పోగు నీళ్లకు నిలవదు. మెలి తిప్పిన మరుక్షణం విడిపోతుంది. సాయంత్రానికి బీము అతికి సాంచా నడిపితే పన్నె దగ్గర పోగులు వరసగా జారిపోయాయి. నేను పానా పట్టుకుని పక్కన నిలబడ్డాను. సేటు అడిగాడు, ఏమైందని.

చేతికి అలవాటు కావాలి, వారం ఇవ్వండి అనవలసింది. ఏ కొత్త పనికైనా నేను అడిగేది అదే. ఆ రోజు మాత్రం, "అతుకులు జారుతున్నాయి సేట్" అన్నాను. అది నిజమే. నిజం చెప్పాననుకుని ఇంటికి పోయి అన్నం తిన్నాను.

ఆ వారంలోనే బయటి నుంచి ఇద్దరు మనుషులు ముడులు వేసే మిషను తెచ్చారు. గంగవ్వ ఒక దినమంతా కూర్చుని చేసే బీమును గంటలో ముగించారు. సేటు చెడ్డవాడు కాదు. దీపావళి దాకా గదిలో ఉండమన్నాడు. దీపావళి అయ్యాక దారం డబ్బాలు పెట్టుకోవడానికి ఆ గది కావాలన్నాడు.

గంగవ్వ అక్క కొడుకు పరమేశ్ ఊరి బయట జోల్వాలో సాంచాలు నడుపుతాడు. ఆమెను తీసుకుపోవడానికి టెంపో తెచ్చాడు. సామాను నేనే దించాను. తాడు పట్టుకుని కిందికి దిగుతూ ఆమె మధ్యలో ఒకసారి ఆగింది. కాలు నొప్పేమో అనుకున్నాను. అరుగు మీద కోకిలాబెన్ కూర్చుని మాస్కు కిందికి లాగి ఏడుస్తోంది.

"ఊకో బెన్. జోల్వా ఏడున్నది, గింత దూరమే గద" అంది గంగవ్వ, వచ్చీరాని గుజరాతీలో.

గంటన్నర ప్రయాణం. ఆ కాళ్లతో ఆమె మళ్లీ రాలేదు.

ఖాళీ చేసిన గది ఊడ్చడానికి పోతే కిటికీలో బూడిద చిప్ప కనిపించింది. ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను.

మరుసటి ఏప్రిల్‌లో రోగం మళ్లీ వచ్చింది. సాంచాలు సగం ఆగాయి. చేతిలో పని లేక, వృథా దారం ముక్కలు తెచ్చి ఇంట్లో అతుకులు ప్రయత్నించాను. గంజి పెట్టాను, నిలవలేదు. మైదా పెట్టాను, పోగు పెళుసైంది. చివరికి తుమ్మబంక పలచగా నానబెట్టి స్పాంజి ముక్క మీద పోశాను. వేళ్లు దాని మీద ఆనించి, బూడిద అద్ది మెలి తిప్పితే నిలిచింది. నా మొరటు వేళ్లకు పదిలో ఆరు నిలిస్తే గంగవ్వ వేళ్లకు పదికి పదీ నిలుస్తాయి. తొందరగా సేటు దగ్గరికి పోయి చూపించాను.

"బాగుంది. మరి ఇప్పుడెందుకు? మిషను గంటలో చేస్తోంది. గదినిండా డబ్బాలున్నాయి" అన్నాడు.

జూలైలో బస్సులు సరిగ్గా నడుస్తున్నాయని తెలిశాక చిప్ప సంచిలో పెట్టుకుని కడోదరా దాకా బస్సులో, అక్కణ్నుంచి ఆటోలో జోల్వా పోయాను. వరసగా రేకుల గదులు. గంగవ్వ ఒక గది ముందు కూర్చుని వృథా దారాన్ని రంగుల ప్రకారం వేరు చేస్తోంది. సన్నబడింది.

"గింత దూరం చిప్ప మోస్కొచ్చినవా? జోల్వల బూడిద దొరకదనుకున్నవా?" అని నవ్వింది. తర్వాత, "కోకిలాబెన్ మంచిగున్నదా?" అని అడిగింది.

"ఉన్నది. దినాం అడుగుతది, మాసీ ఎప్పుడొస్తదని."

"ఈడ కిటికీ తెరిస్తె గోడ" అంది గంగవ్వ.

నేను ఆగలేకపోయాను. "అక్కా, సేటుకు ఉమ్మి ముచ్చట జెప్పింది నేనే."

ఆమె ఎర్ర దారం పక్కకు వేసింది. "ఎర్కే."

"ఎట్ల?"

"సేటే జెప్పిండు, ఆ దినం పొద్దుగూకంగ. సోమలింగ్ మస్తు తెలివిగల్లోడు మాసీ, నాకు గిది తోచకనేపాయె అన్నడు."

"మరి నన్నొక్క మాట అనకపోతివి."

"ఏమందు? నువ్వు అబద్ధమాడినవా? ఉమ్మి పెట్టిన మాట నిజమే గద." ఇంకో దారం ముక్క తీసింది. "గని, నాకు ముందు జెప్పెడిది ఉండె. నువ్వు మెట్లు ఎక్కకున్నా, కింద నిలవడి ఒక్క కేకేస్తె ఇందును. నాలుగొద్దులల్ల ఏదో ఒకటి జూసుకుందును."

నేను సంచిలోంచి బంక డబ్బా తీసి, కనుక్కున్నది చెప్పాను. ఆమె మూత తీసి వాసన చూసింది.

"తుమ్మబంక. మా అవ్వ మగ్గం మీద గిదే పెడుతుండె. నేను చిన్నప్పుడు దంచి ఇచ్చేదాన్ని."

"మరి ఆ దినం ఎందుకు జెప్పలే?"

"అందరి ముంగట గిలాస తెచ్చి పెట్టిరి. పోరడు నవ్వె. తమ్మీ, బంక యాదికే రాలే."

రెండు దారాలు తీసి నా ఒడిలో వేసింది. "ఏదీ, అతుకు." నేను బంకలో వేళ్లు ఆనించి మెలి తిప్పాను. ఆమె చూస్తుంటే జారిపోయింది. ఇంకోసారి తిప్పాను. అదీ జారింది.

"ఉమ్మి పెట్టు" అంది. "ఈడ సేటు లేడు."

నేను తలెత్తలేదు. ఆమె నా చేతిలోంచి దారాలు తీసుకుని, చూడకుండానే అతికి, లాగి, నా జేబులో వేసింది. చాయ్ తాగి పొమ్మంది. తాగాను.

మర్నాడు శేరీలో కోకిలాబెన్ కిటికీలోంచి ఎప్పటిలాగే అడిగింది, మాసీ ఎప్పుడొస్తుందని. ఇన్నాళ్లూ వస్తుంది, వస్తుంది అంటూ వచ్చాను. ఆ రోజు కింద నుంచి జవాబు చెప్పలేదు. వాళ్ల మెట్లెక్కి, గుమ్మం బయట నిలబడి మొత్తం చెప్పాను. జాబితా, కుర్చీ, నా మాట, గ్లాసు, గదిలో డబ్బాలు. నా గుజరాతీ ఆమెకు అర్థమైందో లేదో అనుకున్నాను.

అర్థమైంది. ఆమె కిటికీ దగ్గరికి పోయి, గట్టు మీద ఎప్పుడూ ఉండే కఢీ గిన్నెను లోపలికి తీసి, రెక్క మూసింది.