తాళాలాయన తెరవని గడి

మా ఆఫీసులో ఎవరికీ ఏదీ ఒక పట్టాన తెరవని మనిషి ఒకాయన ఉండేవారు. కంప్యూటర్ల భద్రత చూసే అధికారి. మేమంతా తాళాలాయన అనేవాళ్ళం. నిజానికి ఆయన చేతిలో ఒక్క తాళం కూడా ఉండేది కాదు, ఉన్నవన్నీ కంప్యూటర్లోనే. సాయంత్రం ఐదు కాగానే అందరి అనుమతులూ రద్దు చేసేసేవారు. నిన్న చేసిన పనే ఇవాళ కూడా ఎందుకు చేయాలో పొద్దున్నే కాగితం మీద రాసిస్తే, చదివి, మళ్ళీ తెరిచేవారు.

"నిన్న వచ్చిన మనిషినే కదండీ!" అని ఏడుపు మొహం పెట్టేవాణ్ణి.

"అలాగే అనిపిస్తోందండి. అయినా రాయండి."

ఆ రోజుల్లోనే ప్రభుత్వోద్యోగులందరి రికార్డులనూ క్లౌడ్‌లోకి మార్చాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంటే, మా వరండా చివరి గదిలో ఏసీ కింద మూలిగే సర్వర్లను వదిలేసి, ఎక్కడో ఓ కంపెనీ నడిపే కంప్యూటర్లలో మా వివరాలన్నీ దాచుకోవడం. ఇక ఏ శాఖవాళ్ళయినా తమ కుర్చీలోంచి కదలకుండా చూసుకోవచ్చు. ఆ మార్పిడి పని నా నెత్తిన పడింది. పద్నాలుగు నెలలు నేనూ తాళాలాయనా ఒకే గదిలో కూర్చున్నాం. నా జుట్టు సగం అక్కడే రాలింది.

ఓసారి డైరెక్టరుగారు కొత్త ఫోను కొన్నారు. కంప్యూటరు తెరవడానికి కావలసిన కోడ్ మాత్రం పాత ఫోనుకే వెళుతోంది. లోపలికి వెళ్ళే దారిలేక ఆయనే మా గదికి వచ్చారు.

"నీ ఎదురుగా నిలబడ్డానయ్యా! ఇంకేం రుజువు కావాలి?"

"మీరున్నారండి. పాత ఫోను ఉందాండి?"

"మా బావమరిదికిచ్చాను."

"అయితే ప్రస్తుతానికి మా లెక్కలో డైరెక్టరు మీ బావమరిదండి."

మూడు రోజులు డైరెక్టరుగారు పేపరు చదువుకుంటూ గడిపారు.

తాళాలాయన ఇంట్లోనూ అదే తంతు. వాళ్ళావిడ ఓసారి ఆఫీసుకొచ్చి నా దగ్గర మొరపెట్టుకున్నారు. "బజారుకెళ్ళొచ్చి తలుపు కొడితే పెళ్ళి తేదీ చెప్పమంటారు బాబూ. సరే, చెప్తాను. అది సరైందో కాదో ఆయనకి గుర్తుండదు. లోపల్నుంచి మళ్ళీ నన్నే అడుగుతారు!"

ఇవన్నీ ఒక ఎత్తు, చిరునామా గడి ఒక ఎత్తు. కొత్త పద్ధతిలో ఉద్యోగి పేరు, హోదా, చేరిన తేదీ, అన్నీ కనబడతాయి. ఇంటి చిరునామా దగ్గరికొచ్చేసరికి గడి మూసి ఉంటుంది. ఎవరిదీ కనబడదు. నాది నాకే కనబడలేదు. శాఖలవాళ్ళు రోజుకు నలభైసార్లు ఫోను చేసి నన్ను తిట్టేవారు. తిట్లు తిని తిని, చివరికి హలో అనే ఓపిక కూడా లేక ఊరికే "ఊఁ" అనేవాణ్ణి.

"ఎందుకండీ అందరివీ మూశారు?" అని అడిగాను.

"ఎవరికి ఎవరిది ఎందుకు కావాలో రాసిమ్మనండి. చూసి ఇస్తాను."

ఇక నావల్ల కాలేదు. తాళాలాయనను భద్రత పనిలోంచి తప్పించి స్టేషనరీ గదికి పంపమని అర్జీ రాశాను. అక్కడైతే గుండుసూదులకు కాపలా కాస్తారని నా ఉద్దేశం. ఇరవై రెండు మంది సంబరంగా సంతకాలు పెట్టారు. డిస్పాచ్‌లో పనిచేసే ఆవిడ ఒక్కతే పెట్టలేదు.

"ఆయన్ని పంపించెయ్యకండి అన్నయ్యగారూ," అంది నెమ్మదిగా. "మా ఆయన చెయ్యి చేసుకుంటుంటే భరించలేక వచ్చేసి రెండేళ్ళయింది. ఎక్కడుంటున్నానో ఆయనకి తెలీదు. ఆయనా ప్రభుత్వోద్యోగే. చిరునామాలు తెరిస్తే కుర్చీలోంచే చూసేస్తాడు. తాళాలాయనకి చెప్పుకున్నాను."

"మీదొక్కటీ మూస్తే సరిపోయేది కదమ్మా?"

"నేనూ అదే అన్నాను. 'ఒక్కటే మూస్తే, అది ఎందుకు మూశారని అందరూ ఆరా తీస్తారమ్మా. అన్నీ మూస్తే నన్ను పిచ్చాడంటారు. అది ఎలాగూ అంటున్నారు కదా' అన్నారు."

నాకు చాలా సిగ్గేసింది. అర్జీ చింపేశాను. ఏమైందని ఇరవై రెండు మందీ అడిగితే, అనుమతి రాలేదన్నాను.

మర్నాడు బుధవారం, సమీక్ష సమావేశం. "చిరునామాలు ఎవరు ఆపారు?" అని డైరెక్టరుగారు బల్ల చరిచారు. తాళాలాయన లేవబోయారు. నేనే ముందు లేచాను.

"మార్పిడిలో ఆ గడి పాడైందండి. తప్పు నాదే. బాగుచేయడానికి చాలా కాలం పడుతుందండి."

పావుగంట తిట్టారు. బాధపడే ఓపిక కూడా లేక అలాగే నిలబడ్డాను. చివరికి, "అందాకా కావలసినవాళ్ళను ఈయనకే రాసుకోమనండి," అని తాళాలాయనను చూపించి విసుక్కుంటూ వెళ్ళిపోయారు. డిస్పాచ్ ఆవిడ గడి పదిలంగా మూసే ఉంది.

గదికొచ్చి చూస్తే నా కంప్యూటరు తెరుచుకోలేదు.

"ఇదేమిటండీ?"

"నిండు సభలో అబద్ధమాడారు కదండీ. అలాంటి మనిషిని రికార్డుల దగ్గరికి రానివ్వకూడదు. సోమవారం దాకా మూసేశాను."

"ఇవాళ బుధవారమేనండీ!"

"అవునండి." ఆయన తల ఎత్తలేదు. "అద్దంలో మొహం చూసుకున్నారా ఈ మధ్య? ఇంటికెళ్ళి పడుకోండి."

వెళ్ళాను. శుక్రవారం మధ్యాహ్నం దాకా లేవలేదు.