చేతులు చూపించి లేచే మామ

మామ పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను క్యాసినోలో పేక పంచే టేబుల్ దిగి విరామ గదిలో టీ తాగుతున్నాను. మా పనిలో టేబుల్ దగ్గరికి ఫోన్ తీసుకుపోనివ్వరు. అలమారలోంచి బయటికి తీసేసరికే అది మోగుతోంది.

"మీ మామ పోయినాడు పాపా. గొడ్లకు నీళ్ళు పెట్టి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అట్లే ఒరిగిపోయినాడు" అంది అమ్మ.

నేనొచ్చేదాకా ఎత్తొద్దని చెప్పాను. సెలవు ఇస్తూ మేనేజరు, మామంటే అంత దగ్గరా అని అడిగాడు. నేను ఈ టేబుల్ వెనక నిలబడ్డానంటే ఆయన వల్లేనని చెప్పి, గోవా నుంచి రైలెక్కి గుంతకల్లులో దిగాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. ఎదురు సీటులోని ఆమె ఏమైందని కూడా అడగకుండా నీళ్ళ సీసా చేతికిచ్చింది.

మామ అమ్మకు తమ్ముడు. ఉరవకొండ దగ్గర మా ఊళ్ళోనే పుట్టాడు. వాన మొహం చాటేసిన ఏడాది పని వెతుక్కుంటూ గోవా పోయి, ఒక క్యాసినోలో గ్లాసులు కడిగే పనిలో చేరి, చివరికి పేక పంచే డీలరయ్యాడు. వయసంతా ఆ టేబుళ్ళ వెనక నిలబడే గడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. కుడిచెయ్యి సన్నగా వణకడం మొదలుకాగానే, ఇంకా ఎవరూ గమనించకముందే, పని మానేసి వాళ్ళమ్మ, అంటే మా అవ్వ దగ్గరికి వచ్చేశాడు. "చెయ్యి వణికిన దినమే టేబుల్ దిగల్ల. ఇంగొకరు దించేదాకా ఉండకూడదు" అనేవాడు.

ఊరికి మాత్రం ఆయన జూదగాడే. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు చాప పరుచుకుని రమ్మీకి కూర్చుంటే మామను వదిలేవారు కాదు.

"ఏమప్పా, గోవా అంతా చూసొచ్చినోడివి, ఒక ఆట కూర్చోరాదా?"

"పంచమంటే పంచుతా అన్నా. ఆడేది మాత్రం నాతో కాదు."

వణికే కుడిచేతిలో పేకను ఆనించుకుని ఎడమచేత్తో పంచేవాడు. ముక్క గాల్లోకి లేచేది కాదు, చాప మీద జారుకుంటూ పోయి ఎవరి మోకాలి ముందు వాళ్ళకు ఆగేది. ఎడమచేత్తో ఏందప్పా అని మొదట్లో సణిగినవాళ్ళు కూడా ఆ పంపకం చూసి నోరు మూసుకునేవారు. ఆట అయ్యాక మామ లేచేముందు రెండు చేతులూ ఒక్కసారి చరిచి, అరచేతులు పైకి తిప్పి, మళ్ళీ కిందికి తిప్పి చూపించేవాడు. తనకేం సంబంధం లేదని చేతులు దులుపుకుంటున్నాడని అందరూ అనుకునేవారు.

అది మా పనిలో పద్ధతి. టేబుల్ వదిలే ప్రతి డీలరూ అలా చేయాలి. చేతిలో పందెం బిళ్ళ గానీ ముక్క గానీ దాచుకోలేదని పైకప్పులోని కెమెరాకు చూపించడం అన్నమాట. అలవాటు మామ చేతుల్లోకి ఎంతగా దిగిపోయిందంటే, గొడ్లకు మేత వేసినా చరిచి చూపేవాడు, పంక్తిలో వడ్డించినా చూపేవాడు. "పైనుండే ఆయప్పకు దినామూ లెక్క అప్పజెప్తాండాడు నా కొడుకు" అని అవ్వ నవ్వేది.

వేరుశనగ ఇంటికి చేరాక విత్తనానికి కాయలు ఒలిచే రోజుల్లో మామ అరుగు మీద చిన్న క్యాసినోనే తెరిచేవాడు. తాడిపత్రి నుంచి తెచ్చిన నున్నటి బండ మీద పాత పచ్చ దుప్పటి పరిచి, బిళ్ళలకు బదులు వేరుశనక్కాయలు పెట్టి, కాయలు ఒలిచేవాళ్ళందరికీ ఆటలు చూపించేవాడు. మా వైపు మంగతాయి అనే ఆటే అక్కడ అందర్ బాహర్. నడుమ ఒక ముక్క తిప్పి పెట్టి, లోన ఒకటి బయట ఒకటి వేసుకుంటూ పోతే, అదే అంకె ఏ పక్క పడితే ఆ పక్క కాసినవాళ్ళు గెలుస్తారు. అది అందరికీ తెలుసు. బాకరా అనే ఇంకో ఆటలో రెండు పక్కలకూ ముక్కలు పంచి, వాటి అంకెలు కూడి, పదులు వదిలేసి, తొమ్మిదికి ఎవరు దగ్గరైతే వాళ్ళది ఆట అని చెబితే కాస్త తల గోక్కున్నారు. ఇరవై ఒకటి మాత్రం అందరికీ తెగ నచ్చింది. బొమ్మలన్నీ పదులు, ఆసు ఒకటీ అవుతుంది, పదకొండూ అవుతుంది. ఇరవై ఒకటి దాటితే పోయినట్టే.

"పదహారుండాది నా దగ్గర. తీయాల్నా, వద్దా?" అని పక్కింటి రైతు ఒకాయన ఒకసారి గింజుకున్నాడు.

"అది నీ ఇష్టం అన్నా. నాకైతే ఇష్టమే లేదు. పదహారైతే నేను తీయల్ల, పదిహేడైతే నిలవల్ల. టేబుల్‌కు ఆశ లేదు, భయం లేదు. అవి రెండూ మీ పక్కే ఉండాయి."

"అదంతా సరే, గెలిచేదెట్లో చెప్పప్పా!"

"ఆడేదెట్లో చెప్తా. గెలిచేది తెలిసింటే ఈడ నీతో పాటు బుడ్డలు ఒలుస్తా ఎందుకు కూర్చుంటా?"

బుడ్డలంటే మాకు వేరుశనక్కాయలే. అందరూ పగలబడి నవ్వారు. ఆ రైతు పదహారు మీద ఇంకో ముక్క తీసి, రాణి పడి, కాయలన్నీ పోగొట్టుకున్నాడు.

అక్కడే కూర్చుని చూసిన నేను డిగ్రీ అయ్యాక డీలర్ పనికే పోతానన్నాను. ఇంట్లో పెద్ద రభస. నాయన రోజుల తరబడి నాతో మాట్లాడలేదు. చివరికి మామ మొహం చూసి ఒప్పుకున్నాడు గానీ, ఒక మాట కచ్చితంగా చెప్పాడు. "పోయి చూడు. వాళ్ళు వద్దంటే ఇంటికొచ్చేయల్ల. మళ్ళీ ఆ పేరెత్తకూడదు."

గోవాలో శిక్షణంతా బాగానే సాగింది. పరీక్ష టేబుల్ మీద మాత్రం చిత్తుగా పోయాను. డీలరుకు ఎడమవైపు కూర్చున్నవాళ్ళకు ఎడమచేత్తో, కుడివైపు వాళ్ళకు కుడిచేత్తో వేయాలి. చెయ్యి అడ్డంగా చాపితే పై కెమెరాకు ముక్కలు కనిపించవు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కానీ ఎదురుగా నిజం మనుషులు కూర్చునేసరికి ఎడమచెయ్యి లేవలేదు. ఒక మనిషికి ఎడమచేత్తో ఇవ్వడమా? చిన్నప్పుడు అలా ఉప్పు అందించినందుకు అవ్వ వీపు విమానం మోత మోగించింది. ప్రతిసారీ నా కుడిచెయ్యే టేబుల్‌కు అడ్డంగా పరుగెత్తేది. మేనేజరు ఆట ఆపించి, ఇంటికి పోయి సరిచేసుకుని రమ్మన్నాడు. ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడు.

నాయనకు చెప్పకుండా నేరుగా అవ్వ ఇంటికి పోయాను. మామ అంతా విని పకపకా నవ్వాడు. "నేనూ ఈడనే పడినా మే. మన ఊరి పిల్లోళ్ళందరూ ఈడనే పడతారు" అన్నాడు. తర్వాత దూలానికి ఒక ఇత్తడి చెంబు కట్టి, అదే కెమెరా అన్నాడు. ఇంట్లో నేను ఎవరికి ఏమిచ్చినా ఎడమచేత్తోనే ఇవ్వాలని తీర్మానించాడు.

అవ్వ ఒప్పుకుంటుందా! "నేను బతికుండంగా ఎడమచేతి కూడు తినను పో" అని పళ్ళెం నెట్టేసింది. మామ ఆమె మాట వినలేదు, నా ఏడుపూ వినలేదు. అన్నం, నీళ్ళు, ఆకూ వక్కా, అన్నీ ఎడమచేత్తో. చెయ్యి తిమ్మిరెక్కేదాకా దుప్పటి మీద ముక్కలు పంచించాడు. అయినా మనిషి కళ్ళలోకి చూడగానే నా చెయ్యి వెనక్కే పోయేది. ఒకరోజు పేక కింద పడేసి నావల్ల కాదన్నాను. మామ వణికే చేత్తో ఒక్కొక్క ముక్కా ఏరాడు. కోప్పడలేదు.

"నువ్వు ఇస్తాండావనుకుంటాండావు. ఆడనే ఉండాది తప్పంతా. ఇచ్చేదానికి అది నీదా? ఆయప్పకు రావాల్సింది ఆయప్ప ముందర పెడతాండావు. నీది గాని దాంట్లో మర్యాద యాడిది, అమర్యాద యాడిది? నీ సొంతం ఇచ్చేటప్పుడు కుడిచేత్తో ఇయ్యి, ఎవరొద్దన్నారు?"

ఆ మాట నా భుజం మీది బరువు దించేసింది. ఆ సాయంత్రానికి చెయ్యి కదిలింది. మర్నాటికి వేగం వచ్చింది. నేను తిరిగి బయల్దేరే రోజు ఎండలోంచి వచ్చిన అవ్వకు మజ్జిగ గ్లాసు ఎడమచేత్తో అందించాను. అవ్వ దూలానికి వేలాడే చెంబు వైపు చూసింది, నా వైపు చూసింది, గ్లాసు అందుకుని తాగేసింది. "ఏ చేత్తో ఇస్తే ఏమిలే, మజ్జిగ మజ్జిగే" అంది. మామ మొహం తిప్పుకుని గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

పరీక్ష గట్టెక్కాక మొదట మామకే ఫోన్ చేశాను. మెచ్చుకుంటాడేమోనని ఆశపడ్డాను.

"దిగేటప్పుడు చేతులు చూపించినావా?"

"చూపించినా మామా."

"అంతే పో. పని చేసుకో."

ఇప్పటికీ నా ఎదుట కూర్చున్నవాళ్ళు గెలిచి అరుస్తారు, ఓడి తిడతారు. పదహారు మీద తీసే చెయ్యి, పదిహేడు మీద ఆగే చెయ్యి మాత్రం నాకు తొణకవు. ఆ నిలకడ నాకు మామ పెట్టిన భిక్ష.

నేను ఊరు చేరేసరికి అందరూ నా కోసమే ఆగి ఉన్నారు. మామను మా చేనులోనే, వేరుశనగ వేసే నేల చెక్కలోనే పూడ్చిపెట్టాలనుకున్నారు. మా ఇంట్లో ఆడవాళ్ళు గుంత దాకా పోయే ఆనవాయితీ లేదు. నేను పోతానన్నాను. ఒకరిద్దరు పెద్దలు గొణిగారు. "రానీ అప్పా. దానికి నేర్పినోడు" అన్నాడు నాయన. ఆ పని గురించి నాయన నోట మంచి మాట వినడం నాకు అదే మొదలు.

అందరి తర్వాత మన్ను వేసే వంతు నాకు వచ్చింది. "కుడిచేత్తో ఎయ్యమ్మా" అన్నాడు ఒక పెద్దాయన. కుడిచేత్తో ఒక పిడికెడు మన్ను వేశాను. వంగి ఎడమచేత్తో ఇంకో పిడికెడు తీశాను. ఎవరో వద్దనబోయారు. వేసేశాను. ఆ తర్వాత నా ప్రమేయం లేకుండానే రెండు చేతులూ చరుచుకున్నాయి. అరచేతులు పైకి తిప్పి ఆకాశానికి చూపించాను.

రెండింటికీ ఎర్రమన్ను అంటుకునే ఉంది.