అతుకుల అంగీకి ఎదురు బేరం

ఆ రోజుల్లో గద్వాలలో మా బట్టల దుకాణం ఉన్న వీధి పిల్లలకు మాటల కంటే ముందు బేరం వచ్చేది. నేనైతే బెల్లం ముక్కకు ఒప్పుకుంటే గాని ఉగ్గుకు నోరు తెరిచేదాన్ని కాదట (ఇది మా అవ్వ చెప్పిన మాట, నాయనను కన్న ఆ తల్లి నా గురించి చెప్పినవన్నీ సగానికి తగ్గించుకుని నమ్మాలి). పదకొండేళ్లకే గిరాకీ కళ్లు ఏ గుడ్డ మీద నిలిచాయో చూసి ధర చెప్పేదాన్ని. అంతటి ఘనురాలినీ ఒక మనిషి ఓడించి వెళ్లింది. అదీ మా గడపలోనే, చేతిలో పైసా లేకుండా.

యుద్ధం నడుస్తున్న కాలం. బట్టకు కరువొచ్చి దుకాణంలో అరలు సగం బోసిగా ఉండేవి. అయినా అవ్వ దసరాకు ముందు మాకు పొట్టివైన బట్టలు తీసి దానం చేయడం మానలేదు. దానమంటే మూట విసిరేయడం కాదు ఆమె లెక్కలో. చాకలి ఉతికి తెచ్చినవాటిని మళ్లీ ఎండలో ఆరేయాలి, ఊడిన గుండీలు కుట్టాలి, మడతల్లో వేపాకు పెట్టాలి. "తొడుక్కునేటోళ్లు సిగ్గుపడొద్దు, గట్ల ఉండాలె" అనేది. ఆ ఏడు ఆ పని నాకు అప్పగించింది. నేను దుకాణం పద్ధతిలో సరుకును మేలు, నడిమి, నాసి అని కుప్పలు పెట్టాను. పాత బట్టల పెట్టె అడుగున దొరికిన పసిపిల్లల అంగీ ఒకటి మాత్రం నాసి కుప్పకు కూడా ఎక్కలేదు. అతుకు మీద అతుకు. అసలు గుడ్డ ఏదో, దాని రంగేదో ఆ అంగీకే గుర్తుండదు. దీపాల మసి తుడవడానికి పనికొస్తుందని గడప పక్కన పడేశాను.

మధ్యాహ్నం ధరూర్ దిక్కు నుంచి ఎవరి బండిలోనో వచ్చిన ఒక కూలి మనిషి వాకిట్లో నిలబడింది. నిండు నెలల కడుపు.

"శావుకారి బిడ్డా, పిల్లల బట్టలిస్తున్నరంట గదా. నాకొక్కటి ఇయ్యి తల్లీ."

నేను మహారాణిలా మేలు కుప్పలోంచి ఆకుపచ్చ గౌను తీసి విప్పి చూపించాను. ఆమె చెయ్యి కూడా చాచలేదు.

"అది వద్దు. గా గడప కాడిది ఇయ్యి."

"ఏంది, గదేనా? అది మసిగుడ్డ!"

"మసిగుడ్డే ఇయ్యి."

మంచి సరుకు వదిలి చెడ్డది అడిగే గిరాకీకి మనకు తెలియనిదేదో తెలుసన్నమాట. చప్పున వెళ్లి ఆ అంగీ మీద కూర్చున్నాను. కూర్చునే, కుట్లలో వెండి బిళ్ల ఏదైనా దాచారేమోనని వెనక చేత్తో తడిమాను. ఏమీ తగల్లేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

"ఇది ఇయ్య. ఈ గౌను తీస్కో, పైనుంచి లాగు కూడా ఇస్త."

"వద్దు."

"ఈ టోపీ కూడా!"

"టోపీ నీకే మంచిగుంటది, పెట్టుకో."

"పట్టు లంగా ఇస్త, జరీ అంచుది!"

ఆమె పకపకా నవ్వింది. "బేరంల ఎవరన్న తగ్గిస్తరు. నువ్వేంది తల్లీ, అడగకున్న పెంచుకుంట పోతున్నవ్?"

"మరి గదే ఎందుకో చెప్పు."

నవ్వు ఆగిపోయింది. "ఇద్దరు పుట్టిండ్రు నాకు. ఇద్దరూ నిలవలే. ఇప్పుడు పుట్టేదానికి కొత్తది తొడగొద్దన్నరు. పిల్లలు నిలిచిన ఇంట్ల తొడిగి తొడిగి అరిగిన అంగీ కావాలె. కొంటె పని చెయ్యదు. అడుక్కోవాలె."

లోపలి గుమ్మంలో అవ్వ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. "లే" అంది నాతో. లేచాను. అంగీ తీసి దులిపి చెంపకు ఆనించుకుంది. నాకు దెబ్బ ఖాయమనుకున్నాను.

"ఇది మా ఇంట్ల పుట్టిన అంగీ కాదమ్మా" అంది ఆమెతో. తర్వాత నా వైపు తిరిగింది. "నీకంటే ముందు మీ అమ్మకు పుట్టినోళ్లు దక్కలే. నువ్వు కడుపుల ఉన్నప్పుడు ఇటిక్యాల దిక్కు కూలోళ్ల వాడకు పోయి కొంగు పట్టిన. ఇంటినిండ పిల్లలున్న తల్లి. ఒళ్లో పిల్లగాని ఒంటి మీదికెళ్లి ఇప్పి ఇచ్చింది. వాడు బరిబాతల ఏడుస్తుండె. నీకు తొడిగిన. నీ ఎన్కోళ్లకు తొడిగిన. అందరు నిలిచిండ్రు."

మా వాళ్లు ఆ వాడల్లో కాలు పెట్టని రోజులవి. గిరాకీలు గొంతు తగ్గించి మాట్లాడే మా అవ్వ అక్కడికి వెళ్లి, ఒక గుడిసె ముందు కొంగు పట్టి నిలబడిందా! నా కోసమా! అంగీని మళ్లీ చూశాను. ఒక్కో అతుకుది ఒక్కో కుట్టు, ఒక్కో దారం. ఎంతమంది తల్లులు కూర్చుని కుట్టారో. ఇంట్లోకెల్లా విలువైన సరుకును పట్టుకుని నేను మసిగుడ్డన్నాను; పైగా దాని మీద కూర్చున్నాను.

"మీ ఇంటి పిల్లల్ని నిలిపిన అంగీ అవ్వా, ఉంచుకోండ్రి" అని ఆ కూలి మనిషి వెనక్కి తిరిగింది.

"ఆగు. అడిగినంక ఇది ఆగొద్దు" అంది అవ్వ. అంగీ నా చేతిలో పెట్టింది. "నువ్వే ఇయ్యి. తొడుక్కొని బతికినదానివి నువ్వు గదా."

ఆ మనిషి కొంగు పట్టింది. అలవాటు కొద్దీ ఏదో అనబోయాను (ఏమడిగేదాన్నో నాకే తెలియదు).

"నోరు మూసుకొని ఇయ్యి" అంది అవ్వ.

ఇచ్చాను. ఆమె కళ్లకద్దుకుని, కడుపుకు ఆనించుకుని వెళ్లిపోయింది.

మరుసటేడు ఆమె దుకాణానికి వచ్చింది, చంకలో బొద్దుగా ఒక ఆడపిల్లతో. నా సంతోషం చెప్పలేను గానీ, శావుకారి రక్తం ఊరుకుంటుందా? "అంగీ తెచ్చినవా? పొట్టిగైంటది గదా" అన్నాను.

"నాగర్‌కర్నూల్ దిక్కామె ఎవరో అడిగింది. ఇచ్చిన."

"ఎవరామె?"

"తెల్వదు. అడిగింది గదా!" అంది, నేనేదో అర్థంలేని ప్రశ్న వేసినట్టు. ఆ వెంటనే పిల్లకు కొత్త గుడ్డ చూపించమని, నేను చెప్పిన ధరకు పక్కున నవ్వి, అందులో సగానికి అడిగింది. ఈలోగా చంకలోని పిల్ల నా జడ అందుకుని లాగింది. అబ్బ, ఏం పట్టు! ఆ పట్టు ఊడదీసుకుంటూ, ఆమె అడిగిన ధరకే గుడ్డ చింపి ఇచ్చేశాను. నాయన గద్దె దిగి వచ్చి నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూశాడు.

ఇప్పటికీ పసిపిల్లల బట్టల కోసం ఎవరైనా వస్తే మా కోడలు నన్ను, "అత్తా, లోపలికి పోయి జర చాయ్ తాగు" అని మర్యాదగా పంపించేస్తుంది. పాపం, దుకాణం నడవాలి కదా.