ఎనుమాముల మిర్చి ఘాటులో చదివిన పేజీ

వేసవి సెలవుల్లో పిల్లలతో ఏం చదివించాలని అడిగేవాళ్లందరికీ ఈసారి ఒకేచోట జవాబు రాస్తున్నాను. జాబితా మాత్రం ఆశించకండి. ఎనిమిదేళ్లవాళ్లకు ఇది, పదిహేనేళ్లవాళ్లకు అది, నలభై దాటినవాళ్లకు మరొకటి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని చెప్పే పని మందుల షాపువాళ్లది. ఒక పుస్తకంతో, ఒక ఆటోలో, మా ఇంటి మనుషులు ముగ్గురిని వెంటేసుకుని వరంగల్‌లో ఒక పూట ఎలా తిరిగానో నేను చెప్పగలను. మీరూ అటు వెళ్లాలనుకుంటే దారీ ఖర్చూ ఇందులోనే ఉన్నాయి, ఏరుకోండి.

ఈ ప్రయాణానికి కారణం నా మనవరాలు షారోన్ గొంతు. మా ఇంట్లో రాత్రి ప్రార్థనప్పుడు బైబిల్ వాక్యం వంతులవారీగా చదవడం అలవాటు. ఒకరి తర్వాత ఒకరు, చిన్నా పెద్దా తేడా లేదు. పోయిన క్రిస్మస్‌కు ఇంటినిండా చుట్టాలున్న రోజున షారోన్ తన వంతు చదువుతుంటే వాళ్ల నాన్న ప్రభుదాస్ మాటమాటకూ ఆపి తప్పులు దిద్దాడు. మా అల్లుడు చెడ్డవాడు కాదు, ఆడిటర్. తప్పు పట్టినందుకు ఆఫీసులో జీతమిస్తారు, ఇంట్లో ఆ సేవ ఉచితం. ఇంగ్లీషు మీడియం పిల్ల, తెలుగు కాస్త నెమ్మదిగా చదువుతుంది, అంతే. ఆ రోజు నుంచి వంతు రాగానే "గొంతు బాలేదు" అంటోంది. ఏ డాక్టరుకూ అంతుబట్టని గొంతునొప్పి. గొంతెత్తి చదవడమే కాదు, మెల్లగా బడి పుస్తకాలు తప్ప వేరే పుస్తకం ముట్టుకోవడమే మానేసింది. ఇప్పుడు పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. జూన్‌లో హాస్టల్ ఉన్న జూనియర్ కాలేజీలో చేరుతుంది. అక్కడ రెండేళ్లూ కథల పుస్తకాలు గేటు దాటనివ్వరట. అంటే నాకు మిగిలినవి ఈ సెలవులే. పెట్టె సర్దుకునేలోపు ఆ పిల్ల భయం లేకుండా ఒక్క పేజీ గొంతు విప్పి చదవాలి. నాకు కావలసింది అంతే.

పుస్తకం హనుమకొండ చౌరస్తా దగ్గర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే ఆయన దగ్గర ముప్పై రూపాయలకు దొరికింది. అట్ట లేదు, మొదటి కాగితాలూ లేవు, కాబట్టి పేరేమిటని నన్ను అడిగి లాభం లేదు. కథ ఇది. పొద్దుగూకే వేళ పెళ్లివారు నది దాటడానికి పడవ ఎక్కుతారు. ఎక్కినవాళ్లు పదకొండు మంది, అవతలి ఒడ్డున దిగినవాళ్లు పది మంది. నీళ్ల చప్పుడు కాలేదు, ఎవరూ అరవలేదు. పడవ నడిపిన అమ్మాయికి పదిహేనేళ్లు, ఇప్పుడు ఊరంతా ఆ పిల్లనే అడుగుతుంది. పుస్తకం తిరగేసి చూశాను. ఎక్కడా నీతి లేదు. వెంటనే కొనేశాను.

ఏప్రిల్ చివరి వారంలో ఒక ఉదయం, ఆరున్నరకు మా వీధి చివర ఆటో మాట్లాడాను. మా అమ్మాయికి దవాఖానలో డ్యూటీ. నర్సుల పిల్లలకు వేసవి సెలవులుంటాయి గానీ నర్సులకు ఉండవు. కాబట్టి నేను, అల్లుడు, షారోన్, ఎనిమిదేళ్ల మనవడు జోయెల్ బయల్దేరాం. డ్రైవర్ పేరు యాదగిరి.

"ఖిలా వరంగల్ పోయి, అక్కడ ఆగి, ఎండ ముదరకముందే ఇంటికి తేవాలె. ఎంత?" అన్నాను.

"పన్నెండు వందలియ్యిండ్రి అమ్మా."

"ఆటో కొంటలేను నాయనా, ఎక్కుతున్న."

నవ్వాడు. "తొమ్మిదొందలియ్యిండ్రి. ఎండకాలం, జర సూడుండ్రి."

తొమ్మిది వందలకు ఒప్పుకున్నాను. సగం రోజుకు అది న్యాయమైన ధరే. దారిలో వరంగల్ స్టేషన్ దగ్గర ఒక బండి మీద ఇడ్లీ తిన్నాం, ప్లేటు నలభై. బండి ఆమె షారోన్ ప్లేటు వంక చూసి, "ఏందే బిడ్డా, ఇడ్లీని పరీక్ష పేపర్ చూసినట్టు చూస్తున్నవ్? తిను, దానికి మార్కులు లేవు" అంది. ఆ వాక్యం విద్యాశాఖవాళ్లు ఫ్రేము కట్టించుకోవచ్చు.

ఖిలాకు ఎంత పొద్దున్నే వెళితే అంత మేలు. కోట లోపలి శిథిలాలు చూసే చోటికి టికెట్ ఉంది, పెద్ద ఖర్చేం కాదు, తెరిచే వేళ మాత్రం ముందురోజే కనుక్కోండి. రాతి తోరణాల చుట్టూ ఒకసారి తిరిగి, ఫొటోల పని ముగించుకుని, చెట్టు నీడ పడుతున్న రాతి అరుగు మీద కూర్చున్నాం. తొమ్మిది దాటితే ఆ రాయి పెనమవుతుంది. నేను పుస్తకం తీసి షరతులు చెప్పాను.

"మనిషికో పేజీ. ఎవరి పేజీ వాళ్లే చదవాలె, ఇంకొకరిది ముట్టుకోవద్దు. చదవకపోతే కథ అక్కడ్నే ఆగుతది."

మొదటి పేజీ నేను చదివాను. రెండోది జోయెల్ గుక్క తిప్పుకోకుండా చదివి, చివరి వాక్యం కాగానే కళ్లు మూసుకుని "ఆమేన్" అన్నాడు. వాడికి చదవడం అంటే ప్రార్థనలో చదవడమే మరి. షారోన్ చాలా నెలల తర్వాత పళ్లు కనిపించేలా నవ్వింది. మూడో పేజీ అల్లుడిది. టెండర్ నోటీసు చదివినట్టు చదివి, "ఇక్కడ అచ్చుతప్పు ఉన్నదత్తమ్మా" అని చివర్లో ప్రకటించాడు.

నాలుగో పేజీ షారోన్‌ది. తీసుకుంది. మూడు వాక్యాలు చదివింది కూడా. దిగినవాళ్లను పడవ నడిపిన పిల్ల లెక్కపెట్టింది, పది మందే ఉన్నారు, మళ్లీ లెక్కపెట్టింది.

"ఆగాగు. ఒత్తు మింగినవ్. మళ్లొకసారి చదువు" అన్నాడు అల్లుడు.

పుస్తకం మూసుకుంది. "గొంతు బాలేదమ్మమ్మా."

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పాను. అందుకని అల్లుడిని అడిగాను: "అల్లుడుగారూ, మొక్క పెరుగుతున్నదా లేదా అని రోజూ పీకి వేళ్లు చూస్తే ఏమైతది?"

"చచ్చిపోతది అత్తమ్మా."

"థియరీలో మీకు ఫస్ట్ క్లాసు. ప్రాక్టికల్స్‌లోనే పోయింది."

ఆయన ముఖం చిన్నబోయింది. "దిద్దకపోతే ఎట్ల నేర్చుకుంటది? రేపు కాలేజీల నలుగురి ముందు నవ్వులపాలైతే?" అన్నాడు. ఆ భయమూ అబద్ధం కాదు. పిల్ల మీద ఆయనకున్న ప్రేమ ఎర్రసిరా పెన్నుతో బయటికొస్తుంది, అంతే. నేను మాత్రం షరతు సడలించలేదు. షారోన్ చదవలేదు కాబట్టి కథ అక్కడే ఆగింది. ఆటో ఎక్కేదాకా మా ఆడిటర్ గొణుగుతూనే ఉన్నాడు. "పదకొండు మంది ఎక్కి పది మంది దిగుడేంది? ఎక్కడో లెక్క తేడా ఉన్నది."

ఆటోలో జోయెల్ కథంతా యాదగిరికి చెప్పాడు. యాదగిరి వెనక్కి తిరగబోయి, నా చూపు అద్దంలో చూసి మానుకున్నాడు. "అయితే కిరాయి ఎంతమందిది తీసుకున్నరు? పదకొండా, పదా?" అన్నాడు.

"ఎగ్జాక్ట్లీ!" అన్నాడు మా అల్లుడు. ఆయన ఒక ఆటోడ్రైవర్‌తో ఏకీభవించడం నేను చూడటం అదే మొదలు.

అక్కడి నుంచి తిన్నగా ఇంటికి రావాల్సిందే. కానీ యాదగిరి, "అమ్మా, మా అన్న ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిండు. పొద్దటి సంది ఏం తినలే. టిఫిన్ డబ్బ ఇచ్చిపోదాం, జర దూరమే. దానికి పైసలడుగ" అన్నాడు. పిల్లలకు మార్కెట్ చూపించినట్టూ ఉంటుందని సరేనన్నాను.

ఎనుమాముల వచ్చిందని బోర్డు చూసి తెలుసుకోనక్కర్లేదు, ముక్కు చెబుతుంది. గేటు ఇంకా దూరం ఉండగానే తుమ్ములు మొదలయ్యాయి. లోపల ఎటు చూసినా ఎర్రటి కుప్పలు, వరసలుగా బస్తాలు. గాలి కూడా ఎర్రగా ఉందేమో అనిపిస్తుంది. పిల్లలు తేరుకున్నారు గానీ అల్లుడికి దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి, కళ్ల నిండా నీళ్లతో, మాట రాక, చేత్తోనే సైగ చేసి నల్లా వెతుక్కుంటూ పోయాడు.

యాదగిరి అన్న మల్లయ్య షెడ్డు నీడలో బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మరో ఇద్దరు రైతులు. కొనేవాళ్లు ఇంకా వాళ్ల వరసదాకా రాలేదు. డబ్బా విప్పి తినడం మొదలుపెట్టగానే తమ్ముడు అందుకున్నాడు.

"అన్నా, పదకొండు మంది పడవ ఎక్కిన్రట, పదిమందే దిగిన్రట."

"ఒకడు ఏడికి వోయిండు?"

"గదే తెల్వదు. మిగిలింది ఈ బిడ్డ దగ్గరున్నది. సదువుతలేదు."

అందరూ షారోన్ వంక చూశారు. నేను బస్తాల వంక చూశాను. కొన్నిసార్లు అమ్మమ్మలు చేయగల మేలు అదే.

"సదువు బిడ్డా" అన్నాడు మల్లయ్య. "కొనేటోళ్లు వచ్చేదాక మాకేం పని?"

"నాకు మంచిగ రాదు తాతా."

"మంచిగ రాకుంటే మెల్లగ సదువు. మేమేమన్న బస్సెక్కేదున్నదా?"

షారోన్ చున్నీ ముక్కుకు చుట్టుకుంది. ఒకసారి నల్లా వైపు చూసింది. అక్కడ వాళ్ల నాన్న వంగి ముఖం కడుక్కుంటున్నాడు. పుస్తకం తెరిచి, ఆగిన చోటు నుంచి ఒక వాక్యం చదివింది.

"ఊ" అన్నాడు మల్లయ్య, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

ఇంకో వాక్యం.

"ఊ."

నాలుగో వాక్యంలో ఒక పెద్ద మాట తగిలింది. విరిచింది, సగం మింగింది. ఎవరూ ఆపలేదు. "ఊ, అటెన్క?" అన్నాడు పక్క రైతు. ఆ పిల్లే ఒక క్షణం ఆగి, వెనక్కి వెళ్లి, ఆ మాటను తనంతట తానే సరిచేసుకుని ముందుకు పోయింది. గొంతు కొంచెం పెరిగింది. యాదగిరి ఆటో సంగతి మరిచిపోయి బస్తాకు ఆనుకున్నాడు. పేజీ అయిపోయింది. తర్వాతి వంతు నాది. నేను చెయ్యి చాచాను గానీ ఆ పిల్ల చూడనే లేదు, పేజీ తిప్పి చదువుతూనే ఉంది. షరతు పెట్టింది నేనే కాబట్టి, అది తప్పినట్టు గమనించకుండా ఉండే హక్కు కూడా నాదే.

పదకొండో మనిషి సంగతి ఆ పేజీలోనే బయటపడింది. ఇక్కడ రాయను. రాస్తే మీరు పుస్తకం వెతకరు. మల్లయ్య తొడ చరిచి, "నేననుకున్న!" అన్నాడు.

"ఎప్పుడనుకున్నవే? నీకు చెప్పే ఇంత సేపు కాలే!" అన్నాడు తమ్ముడు. షెడ్డంతా నవ్వింది.

అప్పుడొచ్చాడు మా అల్లుడు, తడి ముఖంతో, మిరపకాయల్లాంటి కళ్లతో. "ఏమైంది? ఎందుకు నవ్వుతున్నరు?"

"డాడీ, దొరికిండు! పదకొండోడు!" అన్నాడు జోయెల్.

"ఎక్కడ?"

జోయెల్ నోరు తెరిచాడు. షారోన్ అరచేత్తో మూసేసింది. "అది నా పేజీ" అంది.

హనుమకొండ తిరుగుదారిలో ఆడిటర్ గారి అవస్థ చూడాలి. నన్నడిగితే, "వయసు మీద పడ్డది అల్లుడుగారూ, చదివింది చదివినట్టే మరిచిపోతున్న" అన్నాను. జోయెల్‌కు ఐస్‌క్రీం ఆశ చూపితే వాడు అక్క వంక చూసి, జీవితంలో మొదటిసారి ఐస్‌క్రీం వద్దన్నాడు. చివరికి ఆయన యాదగిరిని అడిగాడు. "సార్, అది పాప పేజీ. నేను చెప్తే మంచిగుండది" అన్నాడు యాదగిరి.

ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. అన్నాలు తిని, కూలర్ వేసుకుని పడుకున్నాం. అల్లుడు పడుకోలేదు. కాసేపటికి ముందుగదిలో మాటలు వినిపించాయి. తలుపు దగ్గర నిలబడ్డాను. మర్యాద కాదని తెలుసు, అయినా నిలబడ్డాను.

"షారోన్, ఆ పేజీ ఒక్కసారి చదువు బిడ్డా."

"మధ్యల ఆపుతవ్ డాడీ."

"ఆప."

"దిద్దుతవ్."

ఆయన ఆలోచించాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. "నోటిదాక వస్తది. ఆపుకుంట" అన్నాడు.

ఖిలాలో ఆగిన చోటు నుంచే మొదలుపెట్టింది. మార్కెట్లో తడబడిన పెద్ద మాట దగ్గరే మళ్లీ తడబడింది. అల్లుడి గడ్డం లేచింది, పెదవులు విడిపడ్డాయి. ఆ ముఖం నాకు పదహారేళ్లుగా తెలుసు, తర్వాత వచ్చే మాట కూడా తెలుసు. గుడ్లు మిటకరించి, గుటక మింగి, "ఊ" అన్నాడు. ఊ కొట్టడం అలవాటు లేనివాడి ఊ అది, మూలిగినట్టుంది. షారోన్ తలెత్తి చూసింది. మళ్లీ పుస్తకంలోకి దించుకుని, ఈసారి ఇంకొంచెం గట్టిగా చదివింది.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్నకు వస్తాను. పిల్లలకు పెద్ద అక్షరాలు, చిన్న పేజీలు ఉన్నది ఏదైనా సరే ఇవ్వండి, వాళ్లు మిగతాది చూసుకుంటారు. పదిహేనేళ్లవాళ్లకు బుద్ధి చెప్పే పుస్తకం ఇవ్వకండి, బుద్ధి చెప్పేవాళ్లు వాళ్ల చుట్టూ చాలామందే ఉన్నారు. ఎవరో ఒకరు మాయమైన కథ ఇవ్వండి. పెద్దవాళ్లకు వాళ్ల వృత్తి దురద ఎక్కడుందో చూసి ఇవ్వండి. ఆడిటర్‌కు కలవని లెక్క, నర్సుకు అంతుబట్టని జబ్బు. చదివేవాళ్ల పక్కన తప్పులు చూసేవాళ్లు మనకు ఎప్పుడూ కరువు లేదు. "ఊ" అనే మనిషి దొరకడమే కష్టం. మా పిల్లకు మిర్చి బస్తాల మధ్య ముగ్గురు దొరికారు, ఇంటికొచ్చాక నాలుగోవాడు నేర్చుకుంటున్నాడు. హాస్టల్‌కు ఇంకా నెల రోజుల పైనే ఉంది, పుస్తకం సగమే అయింది. నాకు తొందర లేదు.

చివరగా ఒక్క సలహా. ఎంతమంది వెళ్లినా పుస్తకం మాత్రం ఒక్కటే తీసుకెళ్లండి. రెండుంటే ఎవరి మూలకు వాళ్లు పోతారు. ఒక్కటే ఉంటే, పేజీ ఎవరి చేతిలో ఉందో వాళ్లను మిగతావాళ్లు బతిమాలుకోక తప్పదు.