అక్క పట్టిన సముద్రపు నీళ్ళు

మొన్న సోమవారం మా పెద్దక్క గుంటూరులో పోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఆవిడ ఓపికను మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆవిడ మొండితనమే గుర్తొస్తోంది. మా ఊరు బాగుపడింది దానివల్లే.

పంతొమ్మిదివందల యాభైల చివర్లో అక్క గుంటూరులో నీళ్ళ పరీక్షల ల్యాబులో పనిచేసేది. ఎవరింట్లో మంచినీళ్ళిచ్చినా ఏ బావివో అడిగి గానీ తాగేది కాదు. మా అత్తగారికి ఒళ్ళు మండేది. నేను చీరాల దగ్గర సముద్రం ఒడ్డు ఊళ్ళో మగ్గాల ఇంటి కోడల్ని. కార్తీక పౌర్ణమికి వేలమంది మా రేవులో మునిగి, మూడుసార్లు ఆచమనం చేసేవారు. ఒక ఏడు స్నానాలయ్యాక ఊరి పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. నా మూడేళ్ళ కూతురు చావు తప్పి బతికింది. మురుగుకాలవ ఆ రేవు పక్కనే కలుస్తుంది. అక్క అనుమానం దానిమీదే. మరుసటేడు పండక్కి ముందు, ఉడకబెట్టి మూతకట్టిన సీసా పంపి, రేవు నీళ్ళు పట్టి పంపమంది.

ల్యాబు సీసాలో తీర్థం పట్టడానికి నాకు మనసొప్పలేదు. రాగిచెంబుతో ముంచి తెచ్చి, తులసి వేసి, దేవుడి దగ్గర పెట్టి, మర్నాడు సీసాలో పోసి పంపాను. పరీక్షలో ఒక్క క్రిమీ లేదట. అక్క నమ్మలేదు, రైలెక్కి వచ్చేసింది. నా నిర్వాకం విని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"తాగడానికైతే అలాగే చెయ్యవే, రాత్రంతా రాగిలో ఉంటే క్రిములు చస్తాయి. పరీక్షకి మాత్రం ఉన్న నీళ్ళు ఉన్నట్టే కావాలి."

తనే మోకాలి లోతుకు దిగి రేవులో ఒక సీసా, ఉత్తరాన మైలు దూరంలో ఇంకో సీసా పట్టింది. ఐసులో పెట్టి, చుట్టూ ఊక పోసి గుంటూరు పట్టుకెళ్ళింది. నాలుగో రోజుకు ఆ నీళ్ళు పోసి మూసిన గాజుగొట్టాలతో తిరిగొచ్చింది. బుడగ పుడితే మురుగు క్రిములున్నట్టట. రేవు నీళ్ళవి అన్నీ బుడగలే. ఉత్తరం వైపువి కదలకుండా ఉన్నాయి.

వాటిని చూసి కూడా పంచాయతీ ప్రెసిడెంటుగారు స్నానాలు ఉత్తరానికి మార్చడానికి ఒప్పుకోలేదు.

"సముద్రానికి మైలేంటమ్మా?"

"సముద్రానికి లేదండీ. మనం కలిపే కాలవకుంది."

చివరికి ఆయన, ముందు మీరు అక్కడ దిగి నోట్లో పోసుకుంటే తర్వాత ఊరు దిగుతుందన్నారు. అక్క సరేనంది.

ఆ ఏడు ఒక్క ఇంట్లోనూ విరేచనాల మాట వినపడలేదు. ఇప్పటికీ మా ఊరి స్నానాలు ఉత్తరాన్నే. నాకెంత గర్వమో చెప్పలేను.

ఆ పౌర్ణమి పొద్దున జనమంతా ఉత్తరాన ఒడ్డునే నిలబడిపోయారు. అక్క ఒక్కతే నడుముదాకా దిగి, తూర్పుకు తిరిగి దోసిలి పట్టింది. మొదటి గుక్కకే నా కూతుర్ని చంకనేసుకుని నేనూ దిగాను. మూడో గుక్క మింగి అక్క వెనక్కి తిరిగేసరికి, ఒడ్డున పొడిబట్టలతో ఒక్క మనిషి లేడు.