విజిల్ నిలవని పెదవి

పొద్దున్నే మొదటి షిఫ్టుకి పోతూ సైకిల్ మీంచి పడి దవడ విరగ్గొట్టుకున్నాను. ప్లాంటులో క్రేను కింద నిలబడి విజిల్‌తో సైగలిచ్చే పని నాది. పైనున్న ఆపరేటరుకి పొగలో నా చెయ్యి కనబడకపోయినా విజిల్ వినబడాలి. ఆపరేషన్ చేసి ప్లేటు బిగించారు. ఎముక అతుక్కుంది గానీ కింది పెదవీ గడ్డమూ మొద్దుబారిపోయాయి. విజిల్ పెదాల మధ్య ఉందో, జారిందో తెలిసేది కాదు.

దెబ్బతిన్న నరం నిదానంగా కోలుకుంటుందనీ, ఏడాది పట్టొచ్చనీ, అసలు కోలుకోకపోవచ్చనీ అన్నాడు డాక్టరు. స్పర్శ వచ్చిందని ఆయన రాసిస్తేనే మళ్లీ క్రేను కిందికి. అందాకా టూల్‌రూములో స్పానర్లు ఇచ్చి పుచ్చుకోవడమే. ఇరవై ఏళ్లు నిలబడి చేసినవాణ్ని, కూర్చునే అలిసిపోయాను.

సాయంత్రం టీ అయ్యాక మా ఆవిడ నన్ను క్వార్టరు వరండాలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమనేది. ఆస్పత్రిలో డాక్టరు సూదితో తాకి పరీక్షించడం చూసి, చీపురుపుల్లతో గడ్డం తాకి తెలుస్తోందా అని అడిగేది. మూడు నెలలు లేదు, లేదు అని చెప్పి చెప్పి విసుగెత్తింది. టీ చొక్కా మీద కారుతున్నా పక్కింటి భయ్యా చూపించేదాకా తెలిసేది కాదు, సిగ్గుతో చచ్చేవాణ్ని. ఒకరోజు ఇక ఓపిక లేక తెలుస్తోందనేశాను.

"నానింకా ముట్టుకోనేదు," అంది.

తిట్టినా బాగుండేది. పుల్ల పట్టుకుని లోపలికి పోయింది. మర్నాటి నుంచి పరీక్ష మానేసింది. నేనూ అడగలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో గడ్డం గీసుకుంటుంటే చీమలు పాకినట్టయింది. నిజంగా చీమలేమోనని అద్దంలో చూసుకున్నాను. ఆవిడతో చెబితే, మళ్లీ మొదలెట్టారేటి అని వంటింట్లోకి పోయింది. నమ్మమనడానికి నాకు మొహం చెల్లలేదు. కాసేపటికి తనే పుల్ల తెచ్చింది. నేను కళ్లు మూసుకుంటే చాలక తన అరచెయ్యి కూడా అడ్డం పెట్టింది.

"తెలుస్తందేటి?"

ఊపిరి బిగబట్టి చూశాను. గడ్డం మీద ఏమీ లేదు.

"నువ్వింకా ముట్టుకోనేదు," అన్నాను.

కళ్ల మీది చెయ్యి ఇంకాస్త గట్టిగా అదిమింది. తర్వాత చాలాసేపటికి పుల్ల తగిలింది, పెదవి కింద, ఎడమపక్క. ఎడమ అని చెప్పాను.